పొదుపు సంఘంలో పెత్తనం ఒకరి చేతికి పోకుండా చూసుకోవడం ఎలా?

కాగితం మీద చూస్తే పొదుపు సంఘమంత సమానమైన ఏర్పాటు ఇంకోటి కనబడదు. పది నుంచి ఇరవై మంది ఆడవాళ్ళు. నెలనెలా అందరిదీ ఒకే మొత్తం పొదుపు, మనిషికో మాట. మొదటి లీడరు, రెండో లీడరు అని ఇద్దరుంటారు గానీ వాళ్ళు అధికారులు కారు, సంఘం తరఫున సంతకం పెట్టేవాళ్ళు మాత్రమే. అయినా ఏ ఊళ్ళోనైనా "అది ఎవరి గ్రూపు?" అని అడిగి చూడండి. ఫలానా ఆవిడ గ్రూపు అని ఒక్క పేరే చెబుతారు. మిగతా పదకొండు మందీ పక్కనే ఉన్నా కాదనరు.

దీనికి విరుగుడుగా అందరూ చెప్పేది లీడర్ని మార్చమని. ఏడాదికో, రెండేళ్ళకో మార్చాలని శిక్షణల్లో చెబుతారు, కొన్ని గ్రూపులు మారుస్తాయి కూడా. కొత్త లీడరు పేరు బ్యాంకులో ఎక్కుతుంది, ఫొటో అంటిస్తారు. పని మాత్రం పాతావిడే చూస్తూ ఉంటుంది, ఎందుకంటే బ్యాంకులో ఎవరిని అడగాలో తెలిసింది ఆవిడకే, సీసీ (మన గ్రూపుల్ని చూసుకునే కమ్యూనిటీ కోఆర్డినేటరు) ఫోన్ చేసేదీ ఆవిడకే, పుస్తకాలున్నదీ ఆవిడ బీరువాలోనే. పెత్తనం పదవిని పట్టుకుని ఉండదు, పనుల వెంట పోతుంది. మిగతావాళ్ళం విసుగొచ్చో, భయపడో, తీరిక లేకో వదిలేసిన ఒక్కో పనీ ఒకే ఇంటికి చేరుతుంది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా పనులు పంచుకోవడం గురించే. లీడరు మార్పు అందులో ఒక భాగం, అది కూడా చివరి భాగం.

ఇంకో మాట. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద ఆడవాళ్ళు తిరగబడ్డ తర్వాత ఆ జిల్లాలో పొదుపు ఊపందుకుంది. అప్పట్లో రోజుకో రూపాయి దాచేవారు. రూపాయల దగ్గర పెత్తనం చేసినా అందులో పోయేది కొద్దిపాటి మర్యాదే. ఇప్పుడు సంఘానికి 10 లక్షల వరకు బ్యాంకులు ఏ తాకట్టూ అడగకుండా అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. తాకట్టు లేదంటే దాని అర్థం, మీలో ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళ మీద పడుతుందని. ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకునే రోజులు పోయాయి.

మొదట పనుల జాబితా రాయండి

వచ్చే మీటింగులో వేరే ఏ విషయమూ పెట్టుకోకండి. ఒక తెల్లకాగితం తీసుకుని, పోయిన నెలలో సంఘం కోసం జరిగిన ప్రతి పనీ రాయండి, పక్కన అది చేసిన మనిషి పేరు రాయండి. పెద్ద పనులు అందరికీ గుర్తొస్తాయి: పొదుపు వసూలు, బ్యాంకుకు వెళ్ళడం, పుస్తకాలు రాయడం, గ్రామ సంఘం (ఊళ్ళోని గ్రూపులన్నీ కలిసిన సంఘం) మీటింగుకు వెళ్ళడం, అప్పు దరఖాస్తు నింపడం. వదిలేసేవి చిన్నవి. మీటింగు తేదీ అందరికీ చెప్పిందెవరు? కిస్తీ కట్టనివాళ్ళ ఇంటికి వెళ్ళి అడిగిందెవరు? బ్యాంకు పాస్‌బుక్కు ఎవరింట్లో ఉంది? సంఘం రబ్బరు స్టాంపు ఎవరి దగ్గరుంది? బ్యాంకు మెసేజ్‌లు ఎవరి ఫోన్‌కి వస్తాయి? సీసీ ఏదైనా చెప్పాలంటే ఎవరికి ఫోన్ చేస్తారు?

ఒకే పేరు ఏడెనిమిది చోట్ల పడిందంటే ఆశ్చర్యపోకండి, చాలా గ్రూపుల్లో అలాగే పడుతుంది. అక్కడికక్కడ ఆవిడతో గొడవ పెట్టుకోవద్దు. నేను చూసినంతలో అలాంటి లీడర్లలో డబ్బు తినేవాళ్ళు తక్కువే. ఎక్కువమంది నిజంగా కష్టపడేవాళ్ళు, చురుకైనవాళ్ళు, ఎవరూ ముందుకు రాకపోతే తలకెత్తుకున్నవాళ్ళు. అసలు చిక్కు కూడా వాళ్ళతోనే. దొంగను పట్టుకోవచ్చు, పట్టుకుంటే అందరూ ఒక్కటవుతారు. మంచావిడ చేతిలో అన్నీ ఉంటే ఎవరూ నోరెత్తరు, నేర్చుకోరు కూడా. పరీక్ష ఒకటుంది. ఆవిడ కూతురి పురుడుకని రెండు నెలలు ఊరెళ్ళిందనుకోండి, ఆ రెండు నెలలూ మీ గ్రూపు నడుస్తుందా? నడవదనిపిస్తే సంఘం ఆవిడదే, మీది కాదు.

డబ్బు, పుస్తకం, సంతకం మూడు ఇళ్ళలో ఉండాలి

జాబితాలోని పనులన్నీ ఒక్క రోజులో పంచలేరు. ముందు ఈ మూడింటిని విడదీయండి. డబ్బు వసూలు చేసే మనిషి పుస్తకం రాయకూడదు. పుస్తకం రాసే మనిషి బ్యాంకులో సంతకం పెట్టకూడదు. సంతకం పెట్టే ఇద్దరు లీడర్లలో ఎవరింట్లోనూ పాస్‌బుక్కు ఉండకూడదు. ఇందులో ఎవరినీ అనుమానించేదేం లేదు, ఏ ఆఫీసులోనైనా క్యాషియరు వేరు, లెక్కలు రాసేవారు వేరు.

ఇద్దరు లీడర్లు వదినామరదళ్ళో, తోడికోడళ్ళో అయితే రెండు సంతకాలున్నా ఒక సంతకం కిందే లెక్క. బంధుత్వం లేని ఇద్దర్ని, వీలైతే వేరువేరు వీధుల వాళ్ళని పెట్టుకోండి. రబ్బరు స్టాంపు మూడో మనిషి దగ్గర పెట్టండి. స్టాంపు కోసం ఇంకో గడప తొక్కాల్సి వస్తే ఆ డబ్బు తీస్తున్న సంగతి ఇంకొకరికి తెలుస్తుంది, అంతే కావలసింది.

ఖాతాకు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో బ్యాంకులో అడిగి తెలుసుకోండి. చాలాసార్లు అది లీడరు కొడుకుదో, భర్తదో అయి ఉంటుంది, లేదా ఎప్పుడో పోయిన సిమ్ముది. డబ్బు తీసినప్పుడల్లా మెసేజ్ అటే పోతుంది. బ్యాంకులో సంతకం పెట్టని ఒక సభ్యురాలి నంబరు పెట్టమని తీర్మానం రాసి ఇవ్వండి.

ముందే సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు, ఖాళీ విత్‌డ్రా ఫారాలు ఎవరింట్లో ఉన్నా మీటింగులో అందరి ముందూ చించేయండి. "మళ్ళీ మళ్ళీ రావడం ఎందుకని పెట్టించుకున్నా" అంటారు. నిజమే కావచ్చు. చించేయండి.

బ్యాంకుకు వంతుల వారీగా వెళ్ళండి

పెత్తనం పుట్టే చోటు బ్యాంకు. అక్కడ ఎవరితో మాట్లాడాలో, ఏ కౌంటరులో ఏ ఫారం దొరుకుతుందో తెలిసిన మనిషికీ తెలియని మనిషికీ మధ్య తేడా చాలా త్వరగా పెరిగిపోతుంది. అందుకని లీడర్లు బ్యాంకుకు వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళతో ఒక మామూలు సభ్యురాలు వెళ్ళాలి. ఎవరికి తీరికుంటే వాళ్ళు అంటే ఎప్పుడూ ఒకరే వెళ్తారు. పేర్ల వరుసలో వంతు పెట్టండి. ఈ నెల నాలుగో నంబరు, వచ్చే నెల ఐదో నంబరు.

వెళ్ళిన సభ్యురాలు ఊరికే బెంచీ మీద కూర్చుని రాకూడదు. ఆమె చేయాల్సిన పనులు మూడున్నాయి. విత్‌డ్రా ఫారంలో ఎంత రాశారో తీర్మానంతో పోల్చి చూడాలి. డబ్బు కౌంటరు దగ్గరే తన చేత్తో లెక్కపెట్టాలి. పాస్‌బుక్కు ప్రింటు వేయించి, చివరి నిల్వ ఎంతో గుర్తుపెట్టుకుని మీటింగులో తన నోటితో చెప్పాలి. చదువు రాకపోయినా అంకెలు తెలిస్తే చాలు, నోట్లు లెక్కపెట్టడం రానివాళ్ళు మన ఊళ్ళలో ఎవరూ లేరు. ప్రింటు మిషను పనిచేయడం లేదంటే స్టేట్‌మెంట్ అడగాలి.

మొదట్లో బ్యాంకువాళ్ళే అడ్డం చెబుతారు. "ఎప్పుడూ వచ్చే ఆవిడ ఏదీ? ఆవిడనే పంపండి" అంటారు. తెలిసిన మొహమైతే వాళ్ళకు పని తేలిక. వంతుల గురించి తీర్మానం కాపీ ఒకటి మేనేజరుకు ఇచ్చి పెట్టుకుంటే రెండు మూడు నెలల్లో అలవాటు పడతారు.

లీడరు భర్త బ్యాంకుకు వెళ్ళే పద్ధతి ఎక్కడైనా ఉంటే ఈ రోజే ఆపండి. ఆవిడకు కుదరకపోతే వంతులో తర్వాతి సభ్యురాలు వెళ్తుంది, ఆవిడ భర్త కాదు. మీటింగులో కూడా మగవాళ్ళు కూర్చోకూడదు, లెక్కలు రాసిపెట్టే కుర్రాడైనా సరే రాసేసి లేచి వెళ్ళాలి.

డబ్బుల మాటొకటి. బ్యాంకుకు వెళ్ళడమంటే ఒక రోజు కూలి పోవడం, పైన ఆటో ఖర్చు. లీడరు ఏళ్ళ తరబడి అది తన చేతి నుంచే పెట్టుకుంటుంటే అందరూ "పాపం ఆవిడ మన కోసం తిరుగుతుంది" అంటారు, మనసులో బాకీ పడతారు. ఆ బాకీయే రేపు ఆవిడ పెద్ద అప్పు అడిగినప్పుడు ఎవరినీ కాదననివ్వదు. వెళ్ళిన ఇద్దరికీ, ముగ్గురికీ ఆటో ఛార్జీ, కొంత కూలి సంఘం వడ్డీ ఆదాయంలోంచి ఇచ్చి పుస్తకంలో రాయండి. లీడరు వద్దన్నా ఇవ్వండి.

తీర్మానం పుస్తకం దగ్గర మొండిగా ఉండండి

సంఘాల్లో జరిగే మోసాలకు తాళంచెవి ఎక్కువగా తీర్మానం పుస్తకమే. పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. మీటింగు అయ్యాక చీకటి పడుతుంటుంది, అందరికీ వంట టెన్షన్. "సంతకాలు పెట్టి వెళ్ళండి, నేను తర్వాత రాస్తాను" అంటారు. కింద పన్నెండు సంతకాలు, పైన ఖాళీ పేజీ. ఆ పేజీ మీద ఏమైనా రాయొచ్చు, బ్యాంకుకు చూపించొచ్చు.

నియమం ఒక్కటే: రాసి, చదివి వినిపించాకే సంతకం. రాసింది ఎక్కడ ఆగిందో అక్కడినుంచి సంతకాల దాకా మిగిలిన ఖాళీ మీద అడ్డగీత కొట్టాలి. వేలిముద్ర వేసేవాళ్ళ పేరు పక్కన రాయాలి, ఆ ముద్ర వేసిన మనిషి అక్కడే ఉండాలి. రాని మనిషి సంతకం తర్వాత ఇంటికెళ్ళి పెట్టించుకు రాకూడదు, గైర్హాజరు అని రాస్తే సరిపోతుంది.

ఏం రాయాలన్నది కూడా ముఖ్యమే. ఇలాంటి తీర్మానం చాలా పుస్తకాల్లో కనబడుతుంది:

"ఈ రోజు సమావేశంలో సభ్యులందరూ బ్యాంకు నుండి డబ్బు తీయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఎంత, ఎందుకు, ఎవరికి? ఏదీ లేదు. లీడరు 5,000 తీసినా తీర్మానం ప్రకారమే, 50,000 తీసినా తీర్మానం ప్రకారమే. ఇలా రాయండి:

"హాజరు 11, గైర్హాజరు 1. ఖాతా నిల్వ 38,400 రూపాయలు, పాస్‌బుక్కు చూసి చెప్పడమైనది. అందులో 20,000 తీసి, నాలుగో సభ్యురాలికి బోరు మోటారు రిపేరుకు 12,000, తొమ్మిదో సభ్యురాలికి కూతురి కాలేజీ ఫీజుకు 8,000 ఇవ్వాలి. వడ్డీ నెలకు నూటికి రూపాయి, 10 కిస్తీలు. ఏడో సభ్యురాలు ఒప్పుకోలేదు, మోటారు రిపేరుకు 12,000 ఎక్కువ అన్నారు."

చివరి వాక్యం చూశారా? ఒప్పుకోని మనిషి మాట కూడా రాయాలి. ప్రతి తీర్మానంలోనూ "ఏకగ్రీవం" అని ఉన్న పుస్తకాన్ని నేనైతే నమ్మను. పన్నెండు మంది మనుషులు ఏడాది పొడుగునా ఒక్క విషయంలో కూడా తేడా పడలేదంటే వాళ్ళెవరూ మాట్లాడలేదనే.

పుస్తకాలు రాసే మనిషి గురించి. కొన్నిచోట్ల వీఓఏ (గ్రామ సంఘం సహాయకురాలు) రాస్తారు, కొన్నిచోట్ల గ్రూపులోనే చదువుకున్న అమ్మాయి. ఎవరు రాసినా పక్కన ఇంకొకరు కూర్చుని నేర్చుకోవాలి. ఇద్దరికి తెలిస్తే ఒకరు తప్పు రాసే అవకాశం తగ్గుతుంది, ఒకరు పెళ్ళై వెళ్ళిపోయినా లెక్కలు ఆగవు. ప్రతి సభ్యురాలి దగ్గరా తన సొంత పాస్‌పుస్తకం ఉండాలి, అందులో తన పొదుపు, తన అప్పు, కట్టిన కిస్తీలు. అన్నీ కలిపి లీడరింట్లో కట్టగట్టి పెట్టిన పాస్‌పుస్తకాలు లేనట్టే. సంఘానికి బ్యాంకు అప్పు కావాలంటే కనీసం ఆరు నెలలుగా నడుస్తూ ఉండాలి కదా, ఆ ఆరు నెలలు లెక్కపెట్టేది ఖాతా తెరిచిన తేదీ నుంచి కాదు, పుస్తకాల ప్రకారం. అందుకే పుస్తకం ఎవరి చేతిలో ఉంటే సంఘం తలరాత వాళ్ళ చేతిలో ఉన్నట్టు.

మీటింగు ఎక్కడ, ఎవరెక్కడ కూర్చుంటున్నారు?

శిక్షణల్లో పంచసూత్రాలు నేర్పుతారు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి కట్టడం, పుస్తకాల నిర్వహణ. అవన్నీ అవసరమే. అయితే ఐదింటిలోనూ ఎవరు ఎక్కడ కూర్చోవాలో లేదు.

మీటింగు ఎప్పుడూ లీడరింటి అరుగు మీద జరిగితే ఆవిడ ఇంటావిడ, మిగతావాళ్ళు వచ్చిపోయేవాళ్ళు. టీ ఇచ్చిన ఇంట్లో లెక్క అడగడానికి నోరు రాదు. పైగా అరుగు మీద ఎవరు, కింద ఎవరు, గుమ్మం బయట ఎవరు అన్నది మన ఊళ్ళలో కులం తేలుస్తుంది. ఎస్సీ కాలనీ నుంచి ఒకరిద్దరున్న గ్రూపుల్లో వాళ్ళు వాకిట్లో నిలబడి పొదుపు ఇచ్చేసి వెళ్ళిపోవడం నేను చూశాను. పుస్తకంలో వాళ్ళు హాజరైనట్టే ఉంటుంది. గుడిలో పెట్టుకుంటే ఇదే బాధ ఇంకో రూపంలో వస్తుంది. అంగన్వాడీ, బడి వరండా, పంచాయతీ ఆఫీసు లాంటి అందరి చోటు చూసుకోండి. అది కుదరకపోతే ప్రతి నెలా ఒకరింట్లో, వరుసగా అందరి ఇళ్ళలో పెట్టండి. అందరిళ్ళలో అంటే అందరిళ్ళలో. "అంత దూరం ఎవరు వెళ్తారు" అన్నమాట ఏ ఇంటి వంతు వచ్చినప్పుడు వినబడుతుందో గమనించండి, ఆ ఇంటి వంతు మాత్రం తప్పకండి.

కూర్చుంటే అందరూ చాప మీదే, గుండ్రంగా. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకు కుర్చీ వేయండి, లీడరుకు కాదు.

మాట్లాడే వరుస కూడా మార్చాలి. లీడరు ముందు మాట్లాడితే ఆ తర్వాత వినబడేది "అక్క చెప్పినట్టే కానీ". కాబట్టి లీడర్లిద్దరూ ఆఖర్న మాట్లాడాలి. ప్రతి మీటింగూ ఒక కొత్త మనిషి నడపాలి, ఆమె ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగాలి. ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు రాయొద్దు. జరిమానాలు వేసే పని కూడా ఆ రోజు నడిపే మనిషిదే, లేకపోతే లీడరు చెల్లెలు ఆలస్యంగా వస్తే ఎవరూ అడగరు.

నోటితో కాదనలేని విషయాలుంటాయి. లీడరును మార్చాలా, లీడరు చుట్టానికి పెద్ద అప్పివ్వాలా లాంటివి. వాటికి చింతగింజల ఓటు పెట్టండి. ప్రతి ఒక్కరికీ ఒక చింతగింజ, ఒక మొక్కజొన్న గింజ ఇవ్వండి. చింతగింజ అంటే సరే, మొక్కజొన్న అంటే వద్దు. గోడ వెనకో, తలుపు చాటునో రెండు చెంబులు గుడ్డ కప్పి పెట్టండి. మొదటి చెంబులో ఓటు గింజ, రెండో చెంబులో మిగిలిన గింజ వేసి ఖాళీ చేతులతో రావాలి. రెండో చెంబు లేకపోతే చేతిలో మిగిలిన గింజను బట్టి ఎవరు ఎటు వేశారో తెలిసిపోతుంది. రెండు చెంబుల్లో గింజలు సరిగ్గా తలకిందులుగా తేలాలి: మొదటిదాంట్లో చింతగింజలు ఏడు, మొక్కజొన్నలు ఐదు అయితే రెండోదాంట్లో చింతగింజలు ఐదు, మొక్కజొన్నలు ఏడు. లెక్క అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. చదువు రాని మనిషికీ డిగ్రీ చదివిన అమ్మాయికీ ఇందులో తేడా ఉండదు.

అప్పు ఎవరికి ముందు?

డబ్బు వచ్చాక వరుస పెడితే బలమున్నవాళ్ళకే ముందు దొరుకుతుంది. వరుస ముందే పెట్టుకోవాలి. ఆసుపత్రి ఖర్చుకు అందరికన్నా ముందు, ఇప్పటిదాకా అప్పు తీసుకోనివాళ్ళకు తర్వాత, పాత అప్పు తీర్చినవాళ్ళకు ఆ తర్వాత, లీడర్లకు ఆఖరు. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి, కానీ బ్యాంకు అప్పుకు దరఖాస్తు పెట్టకముందే పుస్తకంలో రాయండి.

బినామీ అప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఆరు లక్షల బ్యాంకు అప్పు వచ్చిందనుకోండి, పన్నెండు మందికి తలా యాభై వేలు. ముగ్గురు మాకిప్పుడు అవసరం లేదంటారు. "అయితే మీ పేరు మీద నేను తీసుకుంటా, కిస్తీ నేనే కడతా" అంటుంది లీడరు. కాదనడానికి మొహమాటం. ఇప్పుడు సంఘం అప్పులో మూడో వంతు, అంటే రెండు లక్షలు ఒక్కరి దగ్గర. ఆవిడ కిస్తీ ఒక నెల తప్పితే గ్రూపు మొత్తం తప్పినట్టే, ఆ భయంతో ఎవరూ ఆవిడ్ని ఎదిరించలేరు. సంఘాల్లో సభ్యురాలి వారీగా అప్పు వివరాలు తీసుకుని ఎవరి అప్పు ఎంతో నమోదు చేసే క్రెడిట్ సంస్థలకు పంపాలని రిజర్వు బ్యాంకు 2016లోనే బ్యాంకులకు చెప్పింది. రేపు మీరు ఇంటి లోనుకో, కొడుకు బండి లోనుకో వెళ్ళినప్పుడు ఆ పాత బాకీ మీ పేరు మీద కనబడవచ్చు. అవసరం లేని వాటా తిరిగి సంఘానికే రావాలి. ఎవరికి ఇవ్వాలో అందరూ కలిసి చూడాలి. ఒక మనిషి మీద ఇంతకన్నా ఎక్కువ బాకీ ఉండకూడదని హద్దు కూడా రాసుకోండి.

పై కబురు

గ్రామ సంఘం, దాని పైన మండల సమాఖ్య, సీసీ, మండలంలో సంఘాల పని చూసే అధికారి ఏపీఎం. పై నుంచి వచ్చే ప్రతి కబురూ లీడరు ఫోన్‌కే వస్తుంది. కొత్త పథకం, వడ్డీ రాయితీ, స్త్రీనిధి (సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) అప్పు, దరఖాస్తుకు ఆఖరు తేదీ. కబురు ముందు తెలిసిన మనిషి ఎవరికి చెప్పాలో, ఎవరికి ఆలస్యంగా చెప్పాలో తనే నిర్ణయించుకుంటుంది. సీసీకి మీ గ్రూపు నుంచి మూడు నంబర్లు ఇవ్వండి, అందులో ఒకటి మామూలు సభ్యురాలిది. గ్రామ సంఘం మీటింగులో ఏం జరిగిందో మన మీటింగులో మొదటి విషయంగా చెప్పించండి. వాట్సాప్ గ్రూపుంటే మంచిదే, కానీ స్మార్ట్ ఫోన్ లేని ముగ్గురు నలుగురికి ఎవరు చెబుతారో పేరుతో సహా రాసుకోండి.

ఇక లీడరు మార్పు

ఇప్పటిదాకా చెప్పినవి ఆరు నెలలు నడిపితే ఈ పని సులువవుతుంది, ఎందుకంటే అప్పటికి బ్యాంకు తెలిసినవాళ్ళు గ్రూపులో సగం మంది ఉంటారు. ఇద్దరు లీడర్లనీ ఒకేసారి మార్చొద్దు. ఈ ఏడాది మొదటి లీడరు, వచ్చే ఏడాది రెండో లీడరు. అప్పుడు పాత సంగతులు తెలిసిన మనిషి ఎప్పుడూ ఒకరుంటారు.

"నాకు చదువు రాదు, నన్నెందుకు పెడతారు" అన్న మాట తప్పకుండా వస్తుంది. రాయడం వేరే మనిషి పని అని ముందే విడదీశాం కదా. లీడరుకు కావలసింది అంకెలు తెలియడం, అడగడానికి వెనకాడకపోవడం. బ్యాంకులో సంతకాల మార్పుకు తీర్మానం, కొత్త లీడరు ఆధార్, ఫొటోలు అడుగుతారు, పని కావడానికి రోజులు పడుతుంది. మధ్యలో పాత లీడరు సంతకమే చెల్లుతుంది కాబట్టి, ఆ రోజుల్లో కొత్తావిడ పక్కన లేకుండా ఒక్క రూపాయి తీయకూడదని రాసుకోండి.

పుస్తకాలు, పాస్‌బుక్కు, చెక్కులు, స్టాంపు, అప్పు కాగితాల కాపీలు ఒక్కొక్కటీ చదువుతూ అందరి ముందు అప్పగించాలి. దిగిపోయిన లీడరుకు ఆ రోజు ఒక చీర పెట్టి పంపండి. దించేశారన్న మాట ఊళ్ళో పుట్టిందంటే తర్వాత ఎవరూ దిగడానికి ఒప్పుకోరు.

అప్పటికే చెయ్యి దాటిపోయి ఉంటే

పుస్తకం చూపించమంటే చూపించడం లేదు, నిల్వ ఎంతో చెప్పడం లేదు, అడిగినవాళ్ళను గ్రూపు నుంచి తీసేస్తానంటున్నారు. ఇలాంటప్పుడు ఒక్కరే వెళ్ళి తగాదా పెట్టుకోవద్దు. ముందు మీలో ముగ్గురు నలుగురు కూడండి. నింద వేయకుండా, "వచ్చే మీటింగులో పాస్‌బుక్కు చదివి వినిపిద్దాం, అందరి అప్పులూ సరిచూసుకుందాం" అని మాత్రం అడగండి. తప్పు లేని మనిషి దీనికి ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే బ్యాంకుకు కలిసి వెళ్ళి, సంఘం సభ్యులమని పొదుపు ఖాతాకూ అప్పు ఖాతాకూ స్టేట్‌మెంట్ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. సంతకందారులు రావాలని మేనేజరు అంటే రెండో లీడరును వెంటబెట్టుకుని వెళ్ళండి. చాలా గ్రూపుల్లో రెండో లీడరుకు కూడా లెక్క తెలియదు, ఆమెకూ అదే భయం ఉంటుంది, అడిగితే వస్తుంది.

స్టేట్‌మెంట్‌లో డబ్బు తీసిన ప్రతి తేదీకి ఎదురుగా తీర్మానం పుస్తకంలో ఏముందో చూడండి. తీర్మానం లేని తేదీలను వేరే కాగితం మీద రాసుకోండి. దాంతో గ్రామ సంఘానికి వెళ్ళండి, అక్కడ తేలకపోతే ఏపీఎం దగ్గరికి. పట్టణాల్లో అయితే అక్కడి సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా ఆఫీసు. అక్కడా నాన్చుతుంటే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. అర్జీలో కథంతా రాయనక్కర్లేదు. సంఘం పేరు, ఖాతా నంబరు, తేదీలు, మొత్తాలు, తీర్మానం ఉన్నదీ లేనిదీ, కింద వీలైనంతమంది సంతకాలు. స్టేట్‌మెంట్ జిరాక్సు జతచేయండి, అసలు కాగితం మీ దగ్గరే ఉంచుకోండి. అర్జీ ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకుని, దాని ఫొటో కనీసం ముగ్గురి ఫోన్లలో ఉండేలా చూసుకోండి.